పాత గ్రేటెస్ట్ హిట్స్ క్యాసెట్: వరస చెడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి

బాలు గారి ఊరు నెల్లూరులో అటక మీది క్యాసెట్ల పెట్టె దించితే ఘంటసాల, ఇళయరాజా, అన్నమయ్య కీర్తనల మధ్య ఒకటో రెండో ఇంగ్లీషువి తగులుతాయి. అవి చాలావరకు ఏదో ఒక రాక్ బ్యాండ్ గ్రేటెస్ట్ హిట్సే అయ్యుంటాయి. బ్యాండ్ వేసిన ఆల్బమ్‌లన్నీ వెతికి కొనే ఓపిక ఎంతమందికి ఉండేది? ఒక్క క్యాసెట్‌తో పని గడిచిపోయేది.

ఆ పాటలన్నీ ఇవాళ ఫోన్‌లో నొక్కితే వస్తాయి. అయినా ఆ క్యాసెట్ అరగదీసినవాళ్లకు ఒక పాట చివర పడుతుండగానే తర్వాతి పాట చెవిలో మొదలైపోతుంది. ఫోన్‌లో ఇంకో పాట వస్తే ఏదో తప్పు జరిగినట్టే ఉంటుంది. గ్రేటెస్ట్ హిట్స్ ఇన్నేళ్లు నిలబడటానికి సగం కారణం పాటలైతే, మిగతా సగం ఆ వరస. అందుకే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ముందు వరసను కాపాడాలి. శబ్దం శుభ్రం చేయడం ఆ తర్వాతి పని.

వరసలో ఏముందంత?

క్వీన్ బ్యాండ్ 1981లో బ్రిటన్‌లో విడుదల చేసిన గ్రేటెస్ట్ హిట్స్‌ని చూడండి. మొత్తం 17 పాటలు, సుమారు 58 నిమిషాలు. పాటలు విడుదలైన సంవత్సరాల ప్రకారం పేర్చలేదు. మొదటి పాట 1975ది, రెండోది 1980ది, మూడోది 1974ది. దాదాపు ఆరు నిమిషాల బొహీమియన్ రాప్సొడీ ముందు పెట్టి, దాని హడావుడి తగ్గీ తగ్గకముందే బేస్ గిటార్ ఒక్కటే నడిపించే పాట వేశారు. బ్రిటన్‌లో ఈ బ్యాండ్‌కి మొదటి హిట్ తెచ్చిన 1974 నాటి పాటేమో చివరి నుంచి మూడో స్థానంలో ఉంది. దాని వెనక 1977 నాటి జంట పాటలు, చప్పట్లూ కాలి దరువుల పాట, దానికి తోడు విజయగీతం. అంతటితో క్యాసెట్ అయిపోతుంది. ఆ జంటను విడదీసి షఫుల్‌లో వేస్తే రెండూ చప్పబడతాయి.

రెండు వైపులూ తలా 29 నిమిషాలకు సరిగ్గా సర్దుకున్నాయి. 60 నిమిషాల క్యాసెట్‌లో పట్టే కొలత అది. సెలెక్షన్ పాటలు ఎక్కించే రికార్డింగ్ షాపులకు ఇది పెద్ద సుఖం. వైపుకి 30 నిమిషాలు దాటితే ఆఖరి పాట మధ్యలో తెగేది.

అమెరికాలో అదే ఏడాది అదే పేరుతో వచ్చిన ప్రతిలో పాటలు వేరు, వరస వేరు. అందుకే మీ క్యాసెట్ వరస ఇంటర్నెట్‌లో కనిపించే జాబితాతో కలవకపోతే కంగారుపడి సరిచేయకండి. లోపలి అట్ట మీద ఉన్న వరసే మీ ప్రతికి సరైనది. కొన్ని కంపెనీ క్యాసెట్లలో రెండు వైపుల నిడివి సమానం కావడానికి ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) వరసను అటూ ఇటూ మార్చేవారు కూడా.

ఏది ఎక్కించాలి, ఏది వదిలేయాలి

చాలామంది పెట్టెలో ఉన్నవన్నీ ఎక్కించాలని మొదలుపెట్టి మూడో క్యాసెట్ దగ్గర విసిగిపోతారు. కంపెనీ వేసిన క్యాసెట్ అయితే, అదే ఆల్బమ్ సీడీ రూపంలోనో యాప్‌లోనో ఇంతకంటే శుభ్రమైన శబ్దంతో దొరుకుతుంది. దాని కోసం సాయంత్రం పాడుచేసుకోనక్కర్లేదు. ఎక్కించడానికి తగినవి రెండే రకాలు. ఒకటి, షాపులో చీటీ రాసిచ్చి చేయించుకున్న సెలెక్షన్ క్యాసెట్. దాని వరస లోకంలో ఇంకెక్కడా ఉండదు. రెండోది, ఇప్పుడు దొరికే ప్రతికి తేడాగా ఉన్న పాత ప్రతి. హిట్స్ ఆల్బమ్‌లలో తరచూ రేడియో కోసం కుదించిన పాటలు వేస్తారు. యాప్‌లో మీకు తగిలేది ఆల్బమ్ నుంచి తీసిన పొడుగు పాట కావచ్చు.

పేరు చూసి కూడా నమ్మకూడదు. ఈగిల్స్ బ్యాండ్ 1971 నుంచి 1975 వరకు పాడిన వాటితో వేసిన గ్రేటెస్ట్ హిట్స్ 1976 ఫిబ్రవరిలో వచ్చింది. అమెరికాలో ప్లాటినం గుర్తింపు పొందిన మొట్టమొదటి ఆల్బమ్ అదే. అందులో 10 పాటలే ఉంటాయి. హోటల్ కాలిఫోర్నియా ఉండదు, ఆ పాట ఉన్న ఆల్బమ్ అదే ఏడాది డిసెంబరులో గానీ రాలేదు. మీ క్యాసెట్‌లో ఆ పాట వినిపిస్తే, అట్ట మీద ఏం రాసున్నా అది ఎవరో కూర్చిన సెలెక్షన్. పారేయమని కాదు, అదే ఎక్కించాల్సిన సరుకు.

ఆడించే ముందు క్యాసెట్‌ని చూడటం

తొందరపడి ప్లేయర్‌లో పెట్టకండి. ముందు వెలుతురులో కిటికీ లాంటి పారదర్శక భాగంలోంచి రీలు చుట్టను చూడండి. చుట్ట అంచున తెల్లటి పొడిలాగా, చుక్కచుక్కలుగా కనిపిస్తే అది బూజు. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో, ఉప్పు గాలిలో, మూతపెట్టిన అటక పెట్టెలో ఇది పట్టకపోతేనే ఆశ్చర్యం. బూజు క్యాసెట్‌ని మంచి డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెడితే ఆ పొడి రీలును చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది.

బూజు ఉంటే మాస్కు కట్టుకుని ఆరుబయట విప్పండి. పైకప్పుకి ఐదు చిన్న స్క్రూలుంటే సులువు. స్క్రూలు లేకుండా అతికించిన డొప్ప అయితే అంచు వెంట సన్నటి బ్లేడుతో నెమ్మదిగా చీల్చాలి. విప్పగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి: మూలల్లో ఉన్న రెండు చిన్న చక్రాలు, మధ్యలో స్పాంజి ముక్క లాంటి ప్యాడ్, రీలు పైనా కిందా ఉండే పలచటి షీట్లు. తిరిగి పెట్టేటప్పుడు వీటిలో ఒకటి మర్చిపోతే రీలు నలుగుతుంది. బూజును మెత్తటి పొడి బ్రష్‌తో చుట్ట అంచుల నుంచి దులపాలి. తర్వాత నూలు రాలని పొడి గుడ్డ మడత మధ్య నుంచి రీలు పోనిస్తూ చేత్తో నెమ్మదిగా తిప్పాలి. రీలు మీద స్పిరిట్ మాత్రం పెట్టకండి, పూత ఊడొస్తుంది.

మధ్యలోని ప్యాడ్ ఊడిపోవడం పాత క్యాసెట్లకు మామూలు జబ్బు. ఒక వైపు శబ్దం మాయమై మాయమై వస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి, రీలును కాదు. స్క్రూలున్న పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకుని దాని డొప్పలోకి రెండు చుట్టలనూ కలిపి ఒకేసారి ఎత్తి మార్చేయండి. జిగురుతో ప్యాడ్ అతికించడం కంటే అదే నిలుస్తుంది.

రీలు తెగి ఉంటే సెల్లోటేపు వాడకూడదు. ఎండాకాలం దాని జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది. క్యాసెట్ వెడల్పుకు, అంటే 3.81 మి.మీ.కి తగిన స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. రెండు కొసలనూ ఏటవాలుగా కోసి, మెరిసే వీపు వైపు అంటించాలి. హెడ్‌కి ఆనే వైపు కాదు. రీలు సెకనుకు 4.76 సెం.మీ. నడుస్తుంది. నలిగిన ముక్క ఒక సెం.మీ. తీసేస్తే పాటలో పోయేది సెకనులో ఐదో వంతు. భయపడాల్సినంత కాదు.

చివరిగా, క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయండి. పొరపాటున రికార్డింగ్ బటన్ నొక్కినా పాట చెరగదు. తర్వాత ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి ముందుకూ, ఒకసారి వెనక్కూ పూర్తిగా తిప్పాలి. ఏళ్ల తరబడి ఒకే చుట్టగా బిగుసుకున్న రీలు వదులై సమంగా నడుస్తుంది. పాట మొదలయ్యే ముందు సన్నగా దాని నీడలా వినిపించే శబ్దం కూడా కొంత తగ్గుతుంది.

డెక్, బెల్టు, హెడ్

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యూఎస్‌బీ కన్వర్టర్ వాక్‌మన్లు ఈ పనికి వద్దు. మోటారు నిలకడగా తిరగదు. పియానో స్వరం లాగినప్పుడు అది వణకడం మామూలు చెవికీ తెలుస్తుంది. ఇంట్లో మూలనపడ్డ పాత స్టీరియో డెక్కే నయం. వెనక ఎరుపు, తెలుపు లైన్ అవుట్ రంధ్రాలుంటే చాలు.

డెక్ తిరగకపోతే పదిలో తొమ్మిదిసార్లు బెల్టే. కరిగి తారులా అయిపోయి ఉంటుంది. పాతది పూర్తిగా తుడిచి, పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలవండి. ఆ కొలతకు 5 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు తీసుకోవాలి. బిగుతు ఎక్కువైతే మోటారు మీద భారం పడుతుంది, వదులైతే పాట సాగుతుంది. నెల్లూరు, ఒంగోలు రిపేరు షాపుల్లో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకాలి. పాత బెల్టు లేదా దారం కొలత వెంట తీసుకెళ్లండి. మోడల్ నంబరు చెబితే కౌంటర్‌లో తల అడ్డంగా ఊపుతారు.

హెడ్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 మి.లీ. సీసా ఒకటి చాలు. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నూనె కలిసే రకాలున్నాయి, అది పూతలా మిగిలిపోతుంది. ఇయర్ బడ్ తడిపి హెడ్‌నీ, దాని పక్కనుండే సన్నటి ఇనుప కడ్డీనీ దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. రబ్బరు రోలర్‌కు సబ్బు నీళ్లలో తడిపి పిండిన బడ్ వాడండి, తర్వాత పొడిగా తుడవండి. రబ్బరుకు ఆల్కహాల్ పదేపదే తగిలితే గట్టిపడి పగుళ్లిస్తుంది. ప్రతి క్యాసెట్‌కూ ముందు ఒకసారి తుడవాలి, బూజు క్యాసెట్ అయితే వైపు మార్చినప్పుడు కూడా.

ఇక ఎక్కువమంది వదిలేసే పని హెడ్ వాలు సరిచేయడం. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న ఒక చిన్న స్క్రూ ఉంటుంది. షాపులో ఎక్కించిన డెక్ హెడ్ ఒక కోణంలో, మీ హెడ్ ఇంకో కోణంలో ఉంటే గిన్నెల చప్పుడు లాంటి పైస్వరాలన్నీ దుప్పటి కప్పినట్టు మూసుకుపోతాయి. పాట నడుస్తుండగా, తాళాలు బాగా మోగే చోట, కుడి ఎడమలను కలిపి మోనోలో వింటూ ఆ స్క్రూను పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. చటుక్కున తెరిచినట్టు అయ్యే చోట ఆపేయండి. వైపు మార్చాక మళ్లీ చూసుకోవాలి. ఇది చేసినా మూసుకుపోయే ఉంటే, ఆ షాపులో త్వరగా అవ్వాలని రెట్టింపు వేగంతో కాపీ చేసి ఉంటారు. పోయిన పైస్వరం ఇక రాదు. ఈక్వలైజర్‌తో లాగితే వచ్చేది బుస శబ్దమే.

బుస తగ్గించే డాల్బీ పద్ధతి సంగతి: అట్ట మీద ఎదురెదురుగా ఉన్న రెండు డి అక్షరాల గుర్తుంటే డెక్‌లో డాల్బీ ఆన్ చేయాలి. గుర్తు లేకపోతే ఆపాలి. డాల్బీ లేని క్యాసెట్‌కు ఆన్ చేస్తే బుస తగ్గినట్టే ఉంటుంది గానీ పాట కూడా దానితో పాటే పోతుంది.

కేబుల్, లెవెల్, కరెంటు

ల్యాప్‌టాప్‌కున్న మైకు రంధ్రంలో పెట్టకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మోనో. స్టీరియోలో ఇటు నుంచి అటు పరుగెత్తే గొంతులన్నీ ఒక్కచోట కుప్పపడతాయి. లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. డెక్ లైన్ అవుట్ నుంచి ఎరుపు, తెలుపు మొనలుండే ఆర్‌సీఏ కేబుల్ నేరుగా దానికి. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీస్తే డెక్ వాల్యూమ్ నాబ్‌లోని గరగర కూడా రికార్డవుతుంది.

అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 44,100 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో పెట్టుకోండి. నిమిషానికి దాదాపు 16 ఎంబీ, మొత్తం ఆల్బమ్‌కు 920 ఎంబీ దాకా అవుతుంది. లెవెల్ పెట్టేటప్పుడు పాట మొదలు విని పెడితే దెబ్బతింటారు. క్వీన్ క్యాసెట్ మొదటి పాట ఒట్టి గొంతులతో మెల్లగా మొదలై, నాలుగు నిమిషాలు దాటాక గిటార్లతో విరుచుకుపడుతుంది. ముందు అక్కడికి తిప్పి, ఆ చోట మీటరు -6 డీబీ దగ్గర ఆగేలా చూసి, మళ్లీ మొదటికి రండి. సున్నా తాకితే వచ్చే గీరుడు శబ్దం తర్వాత ఏ ఫిల్టరుతోనూ పోదు. తక్కువైతే మాత్రం పెంచుకోవచ్చు.

గుయ్యిమని ఒకే స్థాయిలో మోగే శబ్దం వస్తే అది ఎర్త్ తంటా. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అంతటితో పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద డెక్ నడుస్తుంటే మాత్రం రికార్డింగ్ ఆపేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల కరకర పాట నిండా పడుతుంది. ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబ్‌లైటు చోక్ కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి ఆ అరగంట ఉక్కపోత భరించాలి. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడు టక్కుమనే చప్పుడూ పడుతుంది, అదే లైనులో ఉంటే.

ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా, మధ్యలో ఆపకుండా రికార్డు చేయండి. పాట పాటకూ ఆపి ఎక్కిస్తే పాటల మధ్య ఎడం పోతుంది. ఆ రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం కూడా వరసలో భాగమే. వైపు పూర్తవగానే ఏ మార్పూ చేయకుండా ఫ్లాక్ రూపంలో (శబ్దం ఏమీ పోకుండా దాచే ఫైలు) దాచి, ఇంకో చోట ఒక కాపీ పెట్టాకే తర్వాతి పని.

వేగం సరిచూడటం

పాత డెక్‌లు ఎంతోకొంత వేగంగానో నెమ్మదిగానో తిరుగుతాయి. పాట మొత్తం నిడివి కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే చివర మెల్లగా మాయమయ్యే భాగాన్ని ఒక్కోచోట ఒక్కోలా కోస్తారు. రెండు ఫైళ్లలోనూ స్పష్టంగా దొరికే రెండు చప్పుళ్ల మధ్య కాలం కొలవాలి. బొహీమియన్ రాప్సొడీకి మొదటి గొంతు నుంచి చిట్టచివర మోగే గంట దాకా కొలవండి. ఉదాహరణకు అసలు ప్రతిలో అది 355 సెకన్లు వచ్చి మీ ఫైలులో 344 వస్తే, మీ డెక్ 3 శాతానికి పైగా వేగంగా తిరుగుతోంది. స్వరం పక్క స్వరస్థానానికి దాదాపు సగం దూరం పైకెక్కి ఉంటుంది. 344ని 355తో భాగిస్తే 0.969. అడాసిటీలో స్పీడ్, పిచ్ రెండూ కలిపి మార్చే ఎఫెక్ట్‌లో ఆ అంకె వేస్తే సరి. టెంపో ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడకండి, స్వరం అలాగే ఉండిపోయి శబ్దం నీటిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

సెలెక్షన్ క్యాసెట్ అయితే ఈ లెక్క ఒక్క పాటతో తేలదు. షాపు వాళ్లు ఎల్పీ నుంచి కొన్ని, వేరే క్యాసెట్ల నుంచి కొన్ని ఎక్కించి ఉంటారు. ప్రతి పాటకూ విడిగా చూడాలి.

కోయడం, పేర్లు పెట్టడం

బుస తగ్గించాలంటే పాటల మధ్య ఖాళీలో ఒక సెకను నమూనా తీసుకుని 6 నుంచి 8 డీబీ వరకే తగ్గించండి. 12, 15 పెడితే తాళాల శబ్దం గులకరాళ్లలా మారుతుంది. కొంచెం బుస ఉంటే ఏం కాదు, క్యాసెట్ కదా.

శబ్దం పెంచాలంటే మొత్తం ఆల్బమ్‌కు ఒకే లెక్కన పెంచాలి. పాట పాటకూ నార్మలైజ్ చేస్తే, అంటే విడివిడిగా ఒకే స్థాయికి తెస్తే, మెల్లటి పాట గట్టిగా, గట్టి పాట మెల్లగా అయి, కూర్చినవాళ్లు అనుకున్న ఎత్తుపల్లాలు చదునైపోతాయి. మొదటి వైపుకు 4 డీబీ పెంచితే రెండో వైపుకూ అదే 4.

పాట మొదలయ్యే చోట లేబుల్ పెట్టుకుంటూ పోయి, అన్నిటినీ ఒకేసారి ఎగుమతి చేయండి. ఖాళీని ముందు పాట చివరకే చేర్చాలి, తర్వాతి పాట మొదట్లో కాదు. లేకపోతే పాట నొక్కిన ప్రతిసారీ నిశ్శబ్దం వినాలి. ఎడం లేకుండా కలిసిపోయే పాటలను ఎమ్‌పీ3గా చేస్తే ఆ రూపమే మొదట్లో, చివర్లో చిటికెడు ఖాళీ చేరుస్తుంది. అతుకు దగ్గర చిన్న ఎక్కిలి వినిపిస్తుంది. అలాంటి చోట్ల ఫ్లాక్ వాడండి, లేదా ఆ రెంటినీ విడదీయకండి.

పని అయ్యాక క్యాసెట్‌ను పారేయకుండా గాలి చొరని డబ్బాలో నీలం రంగు సిలికా జెల్‌తో పెట్టండి. గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి పీల్చేసుకున్నట్టు, మార్చాలి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మాత్రం వద్దు. తవుడు ధూళి రీలుకు పడదు, ఎంత నెల్లూరు బియ్యమైనా సరే.

కారులో

నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద దాదాపు 120 కిలోమీటర్లు, అంటే ఇలాంటి ఆల్బమ్ రెండుసార్లు. కారు స్టీరియోల్లో ఒక చిక్కుంది. ఫైళ్ల పేర్లకు 01, 02 అని పెట్టినా చాలా సెట్లు ఆ అంకెలు చూడవు, పెన్‌డ్రైవ్‌లో ఏది ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. పదిహేడూ ఒకేసారి ఎంచుకుని లాగి వేస్తే కంప్యూటర్ తనకు తోచిన క్రమంలో రాసేస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఖాళీ చేసి ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఒక్కో పాటనూ వరసగా, ముందుది పూర్తయ్యాకే తర్వాతిది కాపీ చేయండి. అంత ఓపిక లేకపోతే మీరు దాచిన వైపు ఫైళ్లు రెండూ అలాగే వేసేయండి. క్యాసెట్ వైపు మార్చినట్టు ఒక్కసారి బటన్ నొక్కితే చాలు, షఫుల్ నొక్కినా చెడేదేమీ ఉండదు.